గువ్వ పెట్టిన గుర్తులు

తెల్లవారేసరికల్లా ఇల్లంతా సంచులతో నిండిపోయింది. లిఫ్టు మెకానిక్కు ఎక్కడికి బయలుదేరినా సగం వర్క్‌షాపు వెంటబెట్టుకు వెళ్ళే మనిషి. కారు డిక్కీలో పానాల పెట్టె, తాడు, ఒక టార్చిలైటు, దానికి తోడు ఇంకో టార్చిలైటు సర్ది, మూడోదాని కోసం అలమర అంతా వెతుకుతున్నాడు.

"మనం వెళ్ళేది ఎడారిలో రాళ్ళు చూడ్డానికండీ, గనిలోకి దిగడానికి కాదు" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

ఆవిణ్ణి వీధి వీధంతా అక్క అనే పిలుస్తుంది. మేడమెట్ల కింద ఆమెదో చిన్న కుట్టుకొట్టు. కొత్త బట్టలు కుట్టదు. ఉన్న బట్టలు వదులు చెయ్యడం, బిగువు చెయ్యడం, పొడుగు తగ్గించడం ఆమె పని. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా "అక్కా, ఈ ప్యాంటు సాయంత్రానికి కావాలి" అంటూ వస్తారు. పాత కుట్టు విప్పితే అక్కే విప్పాలని పేరు. విప్పాక సూది కన్నాలు కూడా కనబడవు. ఆ బట్టకు ముందొక కుట్టు ఉండేదని తాను తప్ప ఇంకెవరూ పోల్చుకోలేరు.

ఇంతలో కూతురు గదిలోంచి బయటికి వచ్చింది. చదువులో చురుకు, నడకలో చురుకు, మాటలో మరీ చురుకు. చిన్నప్పుడు గూట్లోంచి తొంగిచూసినట్టు దుప్పటిలోంచి తల బయటపెట్టి చూసేదని గువ్వ అని పిలిచారు, అదే స్థిరపడిపోయింది. దాని తలమీద బూడిదరంగు టోపీ కొత్తగా మెరుస్తోంది.

అక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఆగింది. "అదేంటే, నేను కుట్టిన టోపీ ఏది?"

"సంచిలో ఉందమ్మా. ఇది పిన్ని పంపింది. నూలు టోపీ అయితే చెమటకి తడిసి బరువెక్కుతుందట."

"ఓహో. మీ పిన్నికి టోపీల సంగతి కూడా తెలుసన్నమాట."

"పిన్ని ఏడాదిలో సగం రోజులు ఎండలోనే ఉంటుంది కదమ్మా."

"నేను ఏడాదంతా బట్టల్లోనే ఉంటాను కదే!"

గువ్వ నవ్వేసి తల్లి భుజం చుట్టూ చెయ్యివేసి, ఆ నవ్వుతోనే కారు దగ్గరికి పరుగెత్తింది. అక్కకు నవ్వు రాలేదు. మెడ దాకా దిగే అంచు పెట్టి, లోపల మెత్తటి పట్టీ వేసి, వారం రోజులు కొట్టు కట్టేశాక కూర్చుని కుట్టిన టోపీ అది. సంచి అడుగున నలిగిపోతూ ఉంటుంది.

పిన్ని అంటే అక్కకు స్వయానా చెల్లెలు. ఏ కొండ కింద నీళ్ళున్నాయో, ఏ రాతి మీద వంతెన నిలబడుతుందో చూసి చెప్పే ఉద్యోగం. మెకానిక్కు ఆమెను రాళ్ళ డాక్టరమ్మ అని ఆటపట్టిస్తాడు. గువ్వకు స్కూలు చదువు అయిపోగానే ఆ రాళ్ళ చదువు మీదే మనసు పడింది. పిన్ని ఉండే ఊళ్ళో సీటు కూడా దొరికింది. వస్తున్నానని చెప్పడానికి ఈ ప్రయాణం అయ్యేంతవరకే గడువు. "ఒకసారి వచ్చి ఈ రాళ్ళ పని కళ్ళారా చూసుకోండి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి" అని చెల్లెలే ఈ ప్రయాణం పెట్టించింది.

అక్క లెక్క వేరుగా ఉంది. కొట్టులో తన మిషను పక్కన ఇంకో మిషను చేరి అప్పటికే నెల దాటింది. దానిమీద గుడ్డ కప్పి ఉంచింది. గువ్వ ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చదువుకుంటూ సాయంత్రాలు తన పక్కన కూర్చుంటుందని, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పని చేసుకుంటారని ఆమె ఆశ. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మిషను చూసి గువ్వే అడుగుతుందనుకుంది. గువ్వ అడగలేదు.

*

పొలాలు అయిపోయాయి, తర్వాత తుప్పలు అయిపోయాయి, మధ్యాహ్నం దాటేసరికి రోడ్డుకు రెండువైపులా ఎర్రటి నేల తప్ప ఏమీ మిగల్లేదు. ఆ నేలలోంచి రాళ్ళు లేచి నిలబడ్డాయి. కొన్ని పుట్టగొడుగుల్లా సన్నటి కాడ మీద పెద్ద తలతో ఉన్నాయి. కొన్ని పొరలు పొరలుగా, మడతపెట్టి దొంతర పేర్చిన దుప్పట్లలా ఉన్నాయి. అక్క ఊరికే ఉండలేక "ఎంత బాగా మడిచారో" అనేసింది. గువ్వ వెంటనే అందుకుని ఆ పొరలు ఎలా ఏర్పడతాయో, గాలి ఎలా కోస్తుందో దారి పొడుగునా చెప్పుకొచ్చింది. నాలుగు మాటలకు ఒకసారి పిన్ని చెప్పింది, పిన్ని చెప్పింది.

లాడ్జిలో వరసగా నాలుగు గదులు, వాటి ముందు ఒకే వసారా. చెల్లెలు అక్కడే ఎదురుచూస్తోంది. ఎండకు కమిలిన మొహం, కత్తిరించుకున్న జుట్టు, మోకాళ్ళ దగ్గర అరిగిన ప్యాంటు. కారు ఆగీ ఆగకముందే గువ్వ దూకి వెళ్ళి ఆమెను వాటేసుకుంది. చెల్లెలు దాన్ని గిర్రున తిప్పింది. తర్వాత వచ్చి అక్క చేతిలోంచి సంచి అందుకుంది.

"చిక్కిపోయావు అక్కా."

"నువ్వు నల్లబడ్డావు. ఏం తింటున్నావో ఏమో."

"వచ్చీ రాగానే మొదలుపెట్టారా!" అన్నాడు మెకానిక్కు. "ఆకలి సంగతి చూడండమ్మా. రాళ్ళు చూస్తే నాకు రొట్టెల్లా కనబడుతున్నాయి."

చెల్లెలిని పెంచింది అక్కే. వాళ్ళమ్మ మిల్లులో షిఫ్టులు చేస్తుంటే పసిదాన్ని చంకనేసుకుని తిరిగింది, అన్నం పెట్టింది, బడికి దింపింది. ఇప్పుడు ఆ చెల్లెలూ, తన కూతురూ తలలు దగ్గర పెట్టి మ్యాపు చూసుకుంటుంటే ముచ్చటపడాలి కదా. ముచ్చటపడాల్సిన చోట కడుపులో ఏదో కాలుతోంది. దాని పేరు అక్కకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారదు.

*

మర్నాడు పొద్దున్నే కొండదారి పట్టారు. మెకానిక్కు మోకాళ్ళు ఏళ్ళ తరబడి లిఫ్టు గుంతల్లోకి దిగీ ఎక్కీ అరిగిపోయాయి. ఆయన దారి మొదట్లో ఉన్న రేకుల పందిరి కింద కుర్చీ వేసుకుని "మీరు వెళ్ళిరండి, నేను కారుకి కాపలా" అని కాళ్ళు చాపాడు. ఆడవాళ్ళు ముగ్గురే నడిచారు.

కొంతదూరం దాకా బాణం గుర్తుల బోర్డులు ఉన్నాయి. ఆ తర్వాత నేలే లేదు, అంతా రాయే. ఎటు చూసినా ఒకేలాంటి ఎర్రటి గుండ్రటి దిబ్బలు, వాటి మధ్య ఒకేలాంటి సందులు. చెల్లెలు అక్కడ ఆగింది.

"ఇక్కడినించి బోర్డులుండవు. రాతిమీద అడుగుజాడలు పడవు. అందుకని నడిచేవాళ్ళే గుర్తులు పెట్టుకోవాలి. మలుపు తిరిగిన ప్రతిచోటా ఒకదాని మీద ఒకటి మూడు రాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు వాటిని పట్టుకుని రావడం, దాటగానే తీసెయ్యడం. మనం రాకముందు కొండ ఎలా ఉందో అలాగే వదిలి రావాలి. ఇవాళ గుర్తులు పెట్టేది గువ్వ. తిరిగి వచ్చేటప్పుడు మనల్ని నడిపించేది కూడా గువ్వే. నేను నోరు విప్పను."

"నిజంగా విప్పవా పిన్నీ?"

"కొండ మింగేస్తుంటే కూడా విప్పను."

గువ్వ మొహం వెలిగిపోయింది. మొదటి మలుపు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు ఏరింది. చదునుగా ఉన్నది అడుగున, చిన్నది పైన. కదలకుండా నిలబడిందో లేదో వేలితో తట్టి చూసింది. ఆ కళ్ళలో శ్రద్ధ చూస్తే అక్కకు ప్రాణం ఉసూరుమంది. సూదిలో దారం ఎక్కించమంటే "అబ్బా, తర్వాతమ్మా" అనే పిల్ల ఇది.

అక్క ముందు నడవబోతే ఆ రాతిమీద కాలు జారేది. మధ్యలో నడిస్తే వాళ్ళిద్దరి మాటలకూ అడ్డం అయ్యేది. చివరికి వెనకబడింది. ముందు ఇద్దరూ ఒకే అడుగు వేస్తున్నట్టు వెళుతున్నారు. ఇద్దరికీ నడక నేర్పింది తనే. ఒక్కరూ వెనక్కి చూడరేం?

ఎండ చురుక్కుమనే వేళకు పెద్ద రాతితోరణం దగ్గరికి చేరారు. గాలి కోసీ కోసీ కొండకు నడుమ పెద్ద కన్నం పడింది, దాని అవతల ఆకాశం. ముగ్గురూ దాని కింద నిలబడి ఫోటో తీసుకోబోతుంటే అటుగా వచ్చిన ఒకాయన "ఇలా ఇవ్వండి, నేను తీస్తాను" అని ఫోను అందుకున్నాడు. సరిచూసుకుని, అక్కవైపు చెయ్యి ఊపాడు.

"మీరు కొంచెం పక్కకి జరుగుతారా అమ్మా? అక్కాచెల్లెళ్ళిద్దరికీ తీస్తున్నాను. ముచ్చటగా ఉన్నారు, అచ్చం ఒకే పోలిక."

గువ్వ పకపకా నవ్వింది. చెల్లెలూ నవ్వింది. "అక్కాచెల్లెళ్ళట పిన్నీ! నిన్ను పేరు పెట్టి పిలవనా ఇకనుంచి?" అని గువ్వ ఆమె మెడకు వేళ్ళాడింది. ఆ నవ్వుల్లో అక్క నిజంగానే పక్కకు జరిగిందన్న సంగతి వాళ్ళు గమనించలేదు. ఫోటో పడింది. ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. తర్వాత "అమ్మా, నువ్వూ రా" అన్నారు, మళ్ళీ ఫోటో తీశారు. కానీ అక్కకు జరగాల్సింది జరిగిపోయింది. కూతురు పోతోందన్న దిగులుకు తోడు, తన పేరే అయిన అక్క అన్న మాట కూడా ఎవడో దారినపోయేవాడు ఊడబెరికి ఇంకొకరికి ఇచ్చేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"నాకు మోకాలు నొప్పిగా ఉంది. నేను వెనక్కి వెళతాను" అంది.

చెల్లెలు దగ్గరికొచ్చింది. "అందరం వెళ్ళిపోదాం అక్కా."

"వద్దు. మీరు పైదాకా చూసి రండి. నా మూలంగా మీ సరదా ఎందుకు చెడాలి?"

"గువ్వ పెట్టిన గుర్తులున్నాయిగా, పిన్నీ" అంది గువ్వ గర్వంగా. "వాటిని పట్టుకుని వెళితే అమ్మ కళ్ళు మూసుకుని చేరిపోతుంది."

*

నిజంగానే చేరిపోవచ్చు. ప్రతి మలుపులోనూ, ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే మూడు రాళ్ళు కనిపించాయి. మొదటి గుర్తు దగ్గర అక్క ఆగి దాన్ని కాసేపు చూసింది. చక్కగా కుదిరింది. ఒక్క రాయి కూడా అటూ ఇటూ కాకుండా, చేతిలో పని ఉన్నవాళ్ళు పెట్టినట్టు ఉంది. అదే ఆమెను కాల్చింది. ఆ చెయ్యి తనది. తన దగ్గరనుంచి వచ్చిన చెయ్యి. దానికి పని నేర్పింది మాత్రం ఇంకొకరు.

వంగి, పైరాయి తీసింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

తన్నలేదు, విసరలేదు. అక్కకు ఏదీ విసిరే అలవాటు లేదు. ఎక్కడి రాయి అక్కడ, ఎండకు నల్లబడ్డ వైపు పైకి వచ్చేలా, లేతరంగు వైపు నేలకు ఆనేలా పరిచింది. బట్టకు మంచివైపు ఏదో తిరగవైపు ఏదో చూడకుండా కూడా ఆమె వేళ్ళకు తెలిసిపోతుంది. లేచి చూస్తే అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ పెట్టనట్టే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎలాగూ తీసేసేవే కదా అనుకుంది. చెల్లెలికి ఈ దారి కొట్టిన పిండి, వాళ్ళెక్కడికి పోతారు అనుకుంది. మనసు ఒక పాడుపని చెయ్యదలుచుకుంటే సాకులు వరసకట్టి వస్తాయి. రెండో గుర్తు దగ్గర మొదటంత ఆలోచన కూడా పట్టలేదు. ఆ తర్వాత ఇక కుట్టు విప్పినట్టే, ఒకటి తర్వాత ఒకటి. దాన్ని చూసి దారి తెలుసుకోవడం, దాన్నే తీసెయ్యడం. బోర్డుల దాకా వచ్చేసరికి మోకాలి నొప్పి అబద్ధమన్న సంగతి కూడా మర్చిపోయి చకచకా నడిచింది.

*

వస్తారన్న వేళ దాటింది. మెకానిక్కు మొదట కునుకు తీశాడు, తర్వాత టీ తాగాడు, తర్వాత పందిరి కింద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. నీడలు పొడుగు సాగుతున్నాయి. రాళ్ళ ఎరుపు ముదురుతోంది.

"ఆ డాక్టరమ్మకి ఇది ఇంటి పెరడులాంటిది. ఇంతసేపు ఎందుకు పడుతోంది?" అన్నాడు.

అక్క కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది.

"దారి గుర్తులు ఎవడైనా చెడగొట్టాడేమో."

"ఎవరు చెడగొడతారండీ? ఎవరికేం పని?" అని అక్క గయ్యిమంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయన వింతగా చూసి, రోడ్డు పక్కన ఉన్న కాపలా గదిలో చెప్పివస్తానని కదిలాడు. కుంటుతూ వెళుతున్న ఆయన వీపు చూస్తూ అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఒకవేళ పిల్ల జారిపడితే? ఒకవేళ ఏ సందులోనో ఇరుక్కుంటే? లేచి వెళ్ళి వెతకాలన్నా దారి తెలియదు. దారి చూపించేవి తనే తీసేసింది.

కాపలావాడు లాంతరు అందుకునేలోపు బోర్డుల మలుపులో రెండు ఆకారాలు కనిపించాయి. అక్క పరుగెత్తింది. ఆమె అలా పరుగెత్తడం మెకానిక్కు పెళ్ళయ్యాక చూడలేదు.

గువ్వ మోచెయ్యి గీరుకుపోయి ఉంది. మొహమంతా దుమ్ము, ఆ దుమ్ములో కన్నీటి చారలు. తల్లిని చూసినా ఏడవలేదు. ఏడవడం అయిపోయిన మొహం అది.

"ఏమైందే? ఏమైంది తల్లీ?"

"నాకు రాదమ్మా" అంది గువ్వ. "గుర్తులు పెట్టాననుకున్నాను. తోరణం దాటి ఇటు వచ్చాక ఒక్కటీ కనబళ్ళేదు. ఏ మలుపులో పెట్టానో కూడా తెలీలేదు. పిన్నిని ఒక గోతిలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను. మూడుసార్లు అదే గోతిలోకి. చివరికి పిన్నే తీసుకొచ్చింది."

చెల్లెలు సీసాలో మిగిలిన నీళ్ళు తాగుతూ అక్క మొహంకేసి చూసింది.

*

లాడ్జి చేరి, స్నానాలు చేసి, దీపాలు పెట్టే వేళకు అందరూ గదిలో కూర్చున్నారు. రొట్టె, గుడ్లు తెప్పించారు. గువ్వ ముక్క తుంచి పళ్ళెంలోనే అటూ ఇటూ జరుపుతోంది.

"పిన్నీ, ఆ సీటు వద్దని చెప్పెయ్" అంది ఉన్నట్టుండి.

"ఒక్కరోజు దారి తప్పితేనేనా?"

"దారి తప్పినందుక్కాదు. పెట్టానని నాకు గట్టిగా తెలుసు. అయినా లేవు. అంటే నాకు గట్టిగా తెలిసింది కూడా తప్పేనన్నమాట. రేపు వంతెన కింద రాయి గట్టిదని చెప్పి, అది కాకపోతే?" తల్లివైపు తిరిగింది. "అమ్మా, కొట్టులో ఆ రెండో మిషను నాకోసమేగా? నేను నీ దగ్గరే ఉంటాను. నేర్చుకుంటాను."

ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట! అక్క గుండె ఒక్కసారి పొంగింది. పొంగిందన్నది నిజం, దాచడం ఎందుకు? పక్కకు జరిగి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "పోనీలే తల్లీ. అందరికీ అన్నీ రావాలని ఏముంది? నేను లేనూ?" అంటూ తల నిమిరింది. గువ్వ ఆమె భుజంమీద వాలిపోయింది. అది తనకోసం వాలిన బరువు కాదని, విరిగి పడిన బరువని అక్క వేళ్ళకు తెలుస్తూనే ఉంది. అయినా నిమురుతూనే ఉంది.

చెల్లెలు లేచి వసారాలోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, ఒకసారి ఇలా రా" అంది.

బయట గాలి చల్లబడింది. చెల్లెలు స్తంభానికి ఆనుకుని, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పిల్లను గిల్లి తొట్టె ఊపినట్టుంది అక్కా నీ పని."

"ఏమిటే ఆ మాటలు?"

"గాలికి రాళ్ళు పడిపోతాయి. జంతువులు తన్నేసి పోతాయి. ఎవడైనా పోకిరీవాడైతే విసిరికొడతాడు. ఒక్కొక్క రాయినీ మంచివైపు పైకి పెట్టి పరిచేవాళ్ళు ఈ లోకంలో నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. మొదటి మలుపులోనే నాకు తెలిసిపోయింది."

అక్కకు కోపం వచ్చింది. దొరికిపోయినవాళ్ళకు ముందు వచ్చేది అదే.

"తెలిస్తే దానికెందుకు చెప్పలేదు? చెప్పి, నన్ను దాని కళ్ళముందు రాక్షసిని చెయ్యకపోయావా? నువ్వు మంచిదానివి, నీకన్నీ తెలుసు, నీ టోపీ మంచిది, నీ చదువు మంచిది! నా పిల్ల నీ మెడకు వేళ్ళాడుతుంటే నేను పక్కకి జరగాలి! ఆ ఫోటోలో నాకు చోటు లేదే. నీకు అర్థమవుతుందా? నా ఇద్దరు పిల్లలూ ఫోటోలో ఉన్నారు, నేను లేను!"

ఇద్దరు పిల్లలు అన్న మాటకు చెల్లెలు స్తంభం వదిలి దగ్గరికి వచ్చింది.

"గువ్వని నువ్వు ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు" అంది. "అందరూ తొట్టె చుట్టూ చేరారు. నాకు జడ వెయ్యడం కూడా మర్చిపోయావు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి దాని తొడమీద గిల్లాను అక్కా. నిజంగానే గిల్లాను. అది గుక్కపట్టి ఏడిస్తే భయపడి నేనే ఊపాను. నువ్వొచ్చి, నా బంగారు చెల్లి పాపని ఎంత బాగా చూసుకుంటోందో అని నన్ను ముద్దుపెట్టుకున్నావు. ఆ ముద్దు నాకు ఇప్పటికీ అరగలేదు."

"నాకు తెలుసులే" అంది అక్క.

"ఏం తెలుసు?"

"స్నానం చేయించేటప్పుడు చూడనా? రెండు వేళ్ళ గుర్తు ఎర్రగా కమిలింది."

"మరి ఎందుకు తిట్టలేదు?"

"నీకు జడ వెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది" అంది అక్క.

చెల్లెలు మొహం రెండు చేతులతో కప్పుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అంది. "నేను దానికి చెప్పను అక్కా. చెప్పనక్కర్లేదని కాదు. నేను చెబితే నీమీద గెలిచినట్టు ఉంటుంది. నాకు నీమీద గెలవాలని లేదు. నువ్వు చెప్పకపోతే గువ్వ నీతోనే ఉండిపోతుంది. నీ ఇష్టం."

అక్క వసారా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. ఊరుకుంటే చాలు. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, కూతురు తన పక్కన, రెండో మిషను మీద. కానీ ఎలాంటి కూతురు? గుర్తులు పెట్టానని గట్టిగా తెలిసి కూడా, తెలిసింది తప్పేనని ఒప్పేసుకున్న పిల్ల. అది సూది పట్టినా, గరిట పట్టినా, ఏం పట్టినా తన చేతిని తానే నమ్మదు. అక్క ఆలోచిస్తూ కూర్చోలేదు. ఆలోచిస్తే చెప్పలేనని ఆమెకు తెలుసు. తిన్నగా గదిలోకి వెళ్ళింది.

"గువ్వా, గుర్తులు నువ్వు పెట్టావు. అన్నీ సరిగ్గానే పెట్టావు. నేనే తీసేశాను."

గువ్వకు వెంటనే అర్థం కాలేదు. "ఏ గుర్తులమ్మా?"

"నువ్వు పెట్టినవన్నీ. వచ్చేదారిలో ఒక్కటి కూడా వదలకుండా."

"తెలీక తీశావా?"

అవునంటే సరిపోయేది. పిల్ల ఆ మాట అందించి నిలబడింది కూడా. "తెలిసే తీశాను" అంది అక్క. "మీ పిన్నిమీద కుళ్ళుతో తీశాను. నువ్వు దానితో వెళ్ళిపోతావని తీశాను. దారి తప్పుతారనుకోలేదు. కానీ తీసేటప్పుడు నాకు హాయిగా ఉంది."

మెకానిక్కు చేతిలో గ్లాసు బల్లమీద పెట్టాడు. "నేను కాపలా గదికి కుంటుకుంటూ పోతుంటే... తెలిసి కూర్చున్నావా?" అన్నాడు. ఈసారి ఆయన మాటలో హాస్యం లేదు.

గువ్వ లేచింది. మొహం పాలిపోయింది. "నాకు పిచ్చేమో అనుకున్నానమ్మా ఆ గోతిలో. నా బుర్ర పనిచెయ్యట్లేదేమో అని భయపడ్డాను. నువ్వు ఇందాక నా తల నిమురుతున్నావు!" ఆ చివరిమాట అరుపుగా వచ్చింది. పళ్ళెం తోసేసి, పిన్ని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అక్క ఆ తలుపు తట్టలేదు. తట్టే హక్కు ఇవాళ తనకు లేదని ఊరుకుంది.

*

పొద్దున వసారా మెట్టుమీద గువ్వ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అక్క రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి దాని పక్కన పెట్టి, కొంచెం ఎడంగా కూర్చుంది. గువ్వ గ్లాసు ముట్టుకోలేదు. అలాగని దూరంగా జరగనూ లేదు.

"ఎందుకు చెప్పావు?" అంది కాసేపటికి, తాళ్ళమీద నుంచి కళ్ళెత్తకుండా. "నువ్వు చెప్పకపోతే నేను నీ దగ్గరే ఉండేదాన్ని కదా. నీకు కావలసింది అదేగా."

"ఉండేదానివే. రోజూ నిన్ను చూసుకుంటూ నేను సంతోషంగా ఉండేదాన్ని. నువ్వు మాత్రం రోజూ, నాకేదీ చేతకాదు అనుకుంటూ ఉండేదానివి. నేను పాడుపని చేశాను గాని, మరీ అంత పాడుదాన్ని కాలేకపోయానే."

గువ్వ టీ గ్లాసు తీసుకుంది. రెండు గుక్కలు తాగింది. "నాకింకా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు. కోపంగానే వెళ్ళు."

"ఎక్కడికి?"

"చదువుకోడానికి. మీ పిన్ని దగ్గరికి. సీటు ఉంచమని దానికి చెప్పాను, అది పొద్దున్నే ఫోన్ చేసేసింది."

గువ్వ మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో రాత్రంతా నిద్రలేని జాడ చూసింది. పట్టుకున్న కోపం కాస్తా చేతిలోంచి జారిపోయింది.

"అక్కడికెళితే నేను నిన్ను మర్చిపోతాననుకున్నావా అమ్మా? నిజంగా అనుకున్నావా?"

అక్కకు అబద్ధం చెప్పాలనిపించలేదు. నిన్న చెప్పిన నిజం ఇంకా నాలుకమీదే ఉంది.

"అనుకున్నానే. ఇప్పటికీ అనుకుంటున్నాను" అంది, కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా. "అయినా వెళ్ళు."

గువ్వ గ్లాసు పక్కన పెట్టి తల్లి ఒళ్ళో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క చెయ్యి దాని తలమీదికి వెళ్ళబోయి ఆగింది. గువ్వే ఆ చెయ్యి పట్టుకుని తన తలమీద పెట్టుకుంది.